తొలితరం బేస్‌బాల్ స్లగ్గర్ రికార్డును చదవడం ఎలా: రోజర్ కానర్ ఉదాహరణగా

బేబ్ రూత్ కంటే ముందు అమెరికా బేస్‌బాల్‌లో అత్యధిక హోమ్ రన్లు కొట్టినవాడెవరని అడిగితే, ఆ ఆటను ఏళ్ల తరబడి చూస్తున్నవారు కూడా తడబడతారు. అతడి పేరు రోజర్ కానర్. 1857 జులై 1న కనెటికట్ రాష్ట్రంలోని వాటర్‌బరీలో ఐర్లాండ్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టి, 1880 నుంచి 1897 వరకు మేజర్ లీగుల్లో, అంటే అత్యున్నత స్థాయి లీగుల్లో ఆడి, 138 హోమ్ రన్లు కొట్టి, 1895 నుంచి 1921 దాకా ఆ పట్టికలో మొదటి స్థానంలో నిలిచాడు. రూత్ కొట్టిన 714 పక్కన పెట్టి చూస్తే 138 చిన్న సంఖ్యగానే కనిపిస్తుంది. కానీ ఒక కాలపు అంకెను మరో కాలపు కొలతతో కొలిస్తే ఆటగాడికి అన్యాయం జరుగుతుంది, చదివేవారికి ఆట అర్థం కాదు. 19వ శతాబ్దపు స్లగ్గర్ల, అంటే బంతిని బలంగా దూరం కొట్టే బ్యాటర్ల గురించి చదవాలన్నా రాయాలన్నా ఏ క్రమంలో ముందుకు వెళ్లాలో కానర్ రికార్డునే ఆధారంగా చేసుకుని ఇక్కడ వివరిస్తున్నాను.

ఆటకు కొత్తవారి కోసం రెండు మాటలు ముందే చెప్పుకోవాలి. పిచర్ బంతి విసురుతాడు, బ్యాటర్ దాన్ని కొట్టి బేసులనే నాలుగు మజిలీల చుట్టూ పరుగెత్తుతాడు. బ్యాటర్ ఒకే దెబ్బతో నాలుగు బేసులూ చుట్టి వస్తే అది హోమ్ రన్, మూడో బేసు వద్ద ఆగితే ట్రిపుల్, రెండో బేసు వద్ద ఆగితే డబుల్. క్రికెట్‌లో సిక్సర్ కావాలంటే బంతి తప్పనిసరిగా బౌండరీ దాటి పడాలి. బేస్‌బాల్‌లో బంతి మైదానం లోపలే ఉన్నా, ఫీల్డర్ దాన్ని అందుకుని విసిరేలోగా బ్యాటర్ పరుగెత్తి చుట్టి రాగలిగితే హోమ్ రనే అవుతుంది. ఈ తేడాను మనసులో పెట్టుకోకపోతే తొలితరం పట్టికలు తప్పుగా అర్థమవుతాయి.

మొదట ఏ లీగులు లెక్కలోకి వస్తాయో తేల్చుకోవాలి

ఏ పట్టిక చేతికొచ్చినా అడగవలసిన తొలి ప్రశ్న, అందులో ఏ లీగులను కలిపారన్నది. నేషనల్ లీగ్ 1876లో మొదలైంది. దానికి ముందు 1871 నుంచి 1875 వరకు నడిచిన నేషనల్ అసోసియేషన్‌ను మేజర్ లీగ్ బేస్‌బాల్ తన అధికారిక లెక్కల్లో చేర్చుకోలేదు, కానీ కొన్ని గణాంక సైట్లు చేర్చుకుంటాయి. 1882 నుంచి 1891 దాకా అమెరికన్ అసోసియేషన్, 1884లో ఒక్క ఏడాది యూనియన్ అసోసియేషన్, 1890లో ఒక్క ఏడాది ప్లేయర్స్ లీగ్ ఉన్నాయి. వీటిలో దేనిని మేజర్ లీగుగా గుర్తించాలో నిర్ణయించేందుకు 1968లో ప్రత్యేక రికార్డుల కమిటీ ఏర్పడింది, మరుసటి ఏడాది అది ఈ మూడింటినీ గుర్తించింది.

కానర్ విషయంలో ఇది పైపై వివరం కాదు. ఆటగాళ్లను జట్టుకు కట్టిపడేసే రిజర్వ్ నిబంధనకూ జీతాల పరిమితికీ వ్యతిరేకంగా జాన్ మాంట్‌గోమరీ వార్డ్ నాయకత్వంలో ఆటగాళ్ల సంఘం తిరుగుబాటు చేసి ప్లేయర్స్ లీగును స్థాపించినప్పుడు, కానర్ కూడా వారితో నడిచాడు. 1890లో ఆ లీగులో 14 హోమ్ రన్లు కొట్టి అగ్రస్థానంలో నిలిచాడు. ఇంతకాలం రికార్డు నిలుపుకున్న ఈ ఆటగాడు ఒక సీజన్‌లో హోమ్ రన్లలో లీగుకు మొదటివాడిగా నిలిచింది ఆ ఒక్కసారే. ప్లేయర్స్ లీగును పక్కన పెట్టే పట్టికలో అతడి మొత్తం 124కి పడిపోతుంది. కాబట్టి పట్టిక అడుగున ఉండే చిన్న అక్షరాల వివరణను చదవకుండా అంకెను ఎత్తి రాయకూడదు.

మరో విషయాన్నీ ఇక్కడే గమనించాలి. 1884లో టొలీడో తరఫున మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ అనే నల్లజాతి ఆటగాడు అమెరికన్ అసోసియేషన్‌లో ఆడాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు, 1947లో జాకీ రాబిన్సన్ వచ్చేదాకా, నల్లజాతి ఆటగాళ్లకు ఆ ద్వారాలు మూసేశారు. అలా దూరం పెట్టిన నల్లజాతి ఆటగాళ్లు ఆడిన నీగ్రో లీగులను మేజర్ లీగులుగా గుర్తిస్తున్నట్లు 2020లో ప్రకటించి, 2024లో ఆ గణాంకాలను అధికారిక లెక్కల్లో కలిపారు. ఆ లీగులు 1920 నుంచి నడిచినవి గనుక కానర్ అంకెలు మారలేదు. అయినా, ఆ కాలపు ‘అందరికంటే గొప్ప’ అనే మాటలో ‘అందరూ’ లేరన్న సత్యాన్ని రాసేవారు మరచిపోకూడదు.

అంకె ఎలా పుట్టిందో చూడాలి

1880లలో హోమ్ రన్ల జీవితకాల మొత్తాన్ని ఎవరూ ఒక చోట రాసి ఉంచలేదు. ఆట మరునాడు పత్రికల్లో వచ్చే బాక్స్ స్కోర్లే, అంటే మ్యాచ్ అంకెల పట్టికలే ఆధారం. అవి ఒకదానితో ఒకటి సరిపోలకపోవడం, ఒక పత్రిక ట్రిపుల్ అన్నదాన్ని మరొకటి హోమ్ రన్ అనడం మామూలే. అందుకే కానర్ మొత్తం చాలాకాలం 131గా చలామణి అయింది. జాన్ టాటర్సాల్ అనే పరిశోధకుడు పాత పత్రికల బాక్స్ స్కోర్లను సేకరించి, ఒక్కో హోమ్ రన్‌ను తేదీతో, పిచర్ పేరుతో నమోదు చేసిన జాబితా వచ్చిన తర్వాత 1975లో ఆ మొత్తం 136 అయింది. ఆ జాబితాను అమెరికన్ బేస్‌బాల్ పరిశోధన సంఘం ‘సేబర్’ ప్రచురించింది. ఇవాళ మేజర్ లీగ్ బేస్‌బాల్ సైటూ, బేస్‌బాల్ రిఫరెన్స్ సైటూ 138 అంటున్నాయి. పాత పుస్తకంలో 131 కనిపించినా అది అబద్ధం కాదు, ఆనాటికి తెలిసినంత అని అర్థం చేసుకోవాలి.

దీని ఫలితం ఎంత దూరం వెళ్లిందో చూడండి. 1921 జులై 18న డెట్రాయిట్‌లో రూత్ తన 139వ హోమ్ రన్ కొట్టినప్పుడు కానర్ రికార్డు బద్దలైంది. కానర్ అప్పటికి బతికే ఉన్నాడు, వాటర్‌బరీలోనే ఉన్నాడు. అయినా ఆ రోజు అతడి పేరెత్తి వేడుక చేసినవారు లేరు, ఎందుకంటే బద్దలైన రికార్డు ఒకటుందన్న సంగతే లెక్కల్లో తేలలేదు. 1974 ఏప్రిల్ 8న హ్యాంక్ ఆరన్ జీవితకాల హోమ్ రన్లలో రూత్‌ను దాటినప్పుడు, రూత్ ఎవరిని దాటాడన్న ప్రశ్న సహజంగా ముందుకొచ్చింది. 1976లో వెటరన్స్ కమిటీ కానర్‌ను హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నుకుంది. 1931లో కన్నుమూసి 45 ఏళ్లయ్యాక దక్కిన ఆ గౌరవం వెనుక, పాత పత్రికలు తిరగేసిన పరిశోధకుల శ్రమ ఎంతో ఉంది. నా దృష్టిలో ఆటగాడి ప్రతిభ ఎంతో, ఆ లెక్క కట్టినవారి ఓర్పు కూడా అంతే గౌరవించదగినది.

మిగిలిన నిలువు వరుసలను కూడా ఇదే జాగ్రత్తతో చూడాలి. కొట్టిన దెబ్బ వల్ల జట్టుకు వచ్చిన పరుగుల లెక్క, అంటే ఆర్‌బీఐ, 1920లో గాని అధికారిక గణాంకం కాలేదు. కానర్ పేరున కనిపించే 1,300 పైచిలుకు ఆర్‌బీఐలు, 1889లో లీగులో అత్యధికంగా నమోదైన అతడి 130 కూడా, తర్వాతివారు వెనక్కి వెళ్లి లెక్కగట్టినవే. దొంగిలించిన బేసుల, అంటే బ్యాటర్ కొట్టకుండానే రన్నర్ పరుగెత్తి చేరిన బేసుల లెక్క 1886లో మొదలైంది, కాబట్టి అతడి 244లో తొలి ఆరు సీజన్లు లేనే లేవు. పైగా 1898కి ముందు తోటి బ్యాటర్ కొట్టిన దెబ్బపై ఒక బేసు అదనంగా పరుగెత్తినా దాన్ని దొంగతనం కిందే రాసేవారు. బ్యాటింగ్ సగటు, అంటే వచ్చిన అవకాశాల్లో హిట్ల (బేసు చేరేలా కొట్టిన దెబ్బల) వంతు, కొన్ని చోట్ల .317గా, కొన్ని చోట్ల .316గా కనిపిస్తుంది. రెండు మూడు అవకాశాల తేడా వల్ల వచ్చే వ్యత్యాసమది, దానిపై వాదించనక్కర్లేదు.

ఏడాది పక్కన ఆ ఏడాది నియమాన్ని రాసుకోవాలి

ఇక్కడే అసలు పని మొదలవుతుంది. ఒక కాగితం తీసుకుని కానర్ ఆడిన 18 సీజన్లను వరుసగా రాసుకుని, ప్రతి ఏడాది పక్కన జట్టు, ఆడిన మ్యాచ్‌లు, హోమ్ రన్లు, ట్రిపుల్స్, ఆ ఏడాది మారిన నియమం రాసుకోవాలి. ఇది ఒక సాయంత్రం పని. ఇది చేసినవారికి ఆ కాలం కళ్ల ముందు నిలుస్తుంది.

1880లో ట్రాయ్ జట్టుతో కానర్ మొదలుపెట్టినప్పుడు పిచర్ నిలబడే గీత 45 అడుగుల దూరంలో ఉంది, మరుసటి ఏడాది అది 50 అడుగులైంది. 1893లో ఇప్పుడున్న 60 అడుగుల 6 అంగుళాల దూరం వచ్చింది. చేతిని భుజం పైకెత్తి విసరడాన్ని నేషనల్ లీగ్ 1884లో అనుమతించింది. 1886 దాకా బ్యాటర్ తనకు ఎత్తు బంతి కావాలో, కింది బంతి కావాలో అడిగి వేయించుకునే వీలుండేది, 1887లో అది పోయింది. వాక్, అంటే బంతి కొట్టకుండానే మొదటి బేసు దొరకాలంటే 1880లో ఎనిమిది చెడ్డ బంతులు కావలసి ఉండగా, ఆ సంఖ్య అంచెలంచెలుగా మారుతూ 1889కి నాలుగు దగ్గర స్థిరపడింది. సీజన్ నిడివి కూడా మారింది. 1880లో ట్రాయ్ ఆడినవి 83 మ్యాచ్‌లు మాత్రమే, 1892 నాటికి షెడ్యూలు 154కి చేరింది.

1887 సీజన్ దగ్గర తప్పక ఆగాలి. ఆ ఒక్క ఏడాది వాక్‌లను కూడా హిట్లుగా లెక్కించారు. సెయింట్ లూయిస్ ఆటగాడు టిప్ ఓనీల్ సగటు ఆ లెక్కన .492 అయింది, వాక్‌లు తీసేస్తే .435 మిగిలింది. 1887కు సంబంధించి ఏ సగటు కనిపించినా, అది ఏ లెక్క ప్రకారం చెప్పిందో తేల్చుకున్నాకే వాడాలి. హోమ్ రన్లకు ఈ బెడద లేదు. కానర్ జీవితంలో అత్యధికంగా ఒక సీజన్‌లో 17 కొట్టింది ఆ ఏడాదే.

ఇలా రాసుకున్నాక ప్రతి ఏడాది అతడి అంకెను ఆ ఏడాది లీగు సగటుతో పోల్చాలి. 1888లో కానర్ సగటు .291, 1894లో సుమారు .316. చూడగానే 1894 మెరుగనిపిస్తుంది. కానీ 1888లో నేషనల్ లీగ్ మొత్తం సగటు .240 దరిదాపుల్లో ఉండగా, పిచర్ వెనక్కి జరిగిన తర్వాత 1894లో అది .309కి ఎగబాకింది. అంటే 1894లో అతడు సగటు బ్యాటర్ కంటే కాస్త పైన ఉంటే, 1888లో ఎంతో ఎత్తున ఉన్నాడు. ఇలాంటి పోలికను ఒకే అంకెలో చెప్పడానికి ఓపీఎస్ ప్లస్ అనే కొలత ఉంది. అందులో లీగు సగటును 100గా తీసుకుంటారు, మైదానం ప్రభావాన్ని కూడా సరిచేస్తారు. కానర్ జీవితకాల ఓపీఎస్ ప్లస్ 153. అతడి రికార్డులో ఒకే ఒక అంకె గుర్తుపెట్టుకోవాలంటే నేను 138 కంటే ఈ 153నే ఎంచుకుంటాను.

మైదానాన్ని చూడనిదే హోమ్ రన్‌ను నమ్మరాదు

1884లో షికాగో ఆటగాడు నెడ్ విలియమ్సన్ 27 హోమ్ రన్లు కొట్టాడు. 1919లో రూత్ 29 కొట్టేదాకా 35 ఏళ్లపాటు ఒక సీజన్‌కు అదే రికార్డు. అదే 1884లో కానర్ కొట్టినవి నాలుగు. మరి విలియమ్సన్ అతడి కంటే దాదాపు ఏడు రెట్లు బలవంతుడా? షికాగో లేక్‌ఫ్రంట్ పార్కులో రెండు పక్కల కంచెలూ 200 అడుగుల లోపే ఉండేవి. 1883 వరకు అక్కడ కంచె దాటిన బంతిని డబుల్‌గానే లెక్కించేవారు, 1884లో దాన్ని హోమ్ రన్‌గా మార్చారు. విలియమ్సన్ 27లో 25 ఆ మైదానంలో కొట్టినవే. అంతకు ముందు ఏడాది అతడికి 49 డబుల్స్, 2 హోమ్ రన్లు ఉన్నాయి. జట్టు వేరే మైదానానికి మారిన 1885లో అతడు కొట్టినవి మూడు. సొంత మైదానంలో ఎన్ని, బయట ఎన్ని అని విడదీసి చూడటం ఎందుకు తప్పనిసరో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కానర్ పరిస్థితి దీనికి భిన్నం. 1883 నుంచి అతడు ఆడిన న్యూయార్క్ జట్టుకు పోలో గ్రౌండ్స్ సొంత మైదానం. అప్పట్లో అది 110వ వీధికి, 112వ వీధికి మధ్య ఉండేది, అక్కడ బంతిని బయటకు పంపడం చాలా కష్టం. 1886 సెప్టెంబర్ 11న బోస్టన్ పిచర్ చార్లీ రాడ్‌బోర్న్ వేసిన బంతిని కానర్ కుడివైపు కంచె మీదుగా 112వ వీధిలోకి కొట్టాడు. న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజికి చెందిన అభిమానులు చందాలు పోగుచేసి అతడికి 500 డాలర్ల బంగారు గడియారం బహూకరించారు. ఒక్క దెబ్బకు అంత కానుక ఇచ్చారంటే అది ఎంత అరుదైన దృశ్యమో ఊహించవచ్చు.

ట్రిపుల్స్ వరుసను వదలకూడదు

తొలితరం స్లగ్గర్ బలాన్ని చూడాలంటే హోమ్ రన్ల వరుస ఒక్కటే చాలదు, ట్రిపుల్స్ వరుసను కూడా చదవాలి. చాలామంది దాటేసే భాగం ఇదే, నాకు అత్యంత ఇష్టమైన భాగమూ ఇదే. కానర్ మొత్తం 233 ట్రిపుల్స్ కొట్టాడు. సామ్ క్రాఫర్డ్, టై కాబ్, హోనస్ వాగ్నర్, జేక్ బెక్లీ తర్వాత చరిత్రలో ఐదో స్థానం అతడిదే. 1882లోనూ 1886లోనూ ట్రిపుల్స్‌లో నేషనల్ లీగ్ మొత్తానికి మొదటివాడు. ఆరడుగుల మూడు అంగుళాల ఎత్తు, 220 పౌండ్ల బరువు ఉన్న మనిషి అన్నిసార్లు మూడో బేసుకు పరుగెత్తి చేరాడంటే, బంతి ఎంత దూరం వెళ్లి ఉంటుందో ఆలోచించాలి. ఔట్‌ఫీల్డ్ విశాలం, బంతి మెత్తన, పాతబడినా అదే బంతితో ఆట సాగేది. కంచె దూరంగా ఉన్న చోట బలమైన దెబ్బ ఫీల్డర్ల మధ్య దొర్లుకుంటూ పోయి ట్రిపుల్ అయ్యేది. అలాంటి దెబ్బల్లో కొన్ని చిన్న మైదానంలో పడి ఉంటే హోమ్ రన్లయ్యేవి.

1885 సీజన్ చూడండి. ఆ ఏడాది కానర్ .371 సగటుతో నేషనల్ లీగ్ బ్యాటింగ్ విజేత, హిట్ల సంఖ్యలోనూ మొదటివాడు. హోమ్ రన్ మాత్రం ఒక్కటే. హోమ్ రన్ల వరుస మాత్రమే చూసేవారు అతడి గొప్ప సీజన్లలో ఒకదాన్ని చెడ్డ ఏడాదిగా కొట్టిపారేస్తారు. అందువల్ల డబుల్స్, ట్రిపుల్స్, హోమ్ రన్లు మూడింటినీ కలిపి చూడాలి. కానర్‌వి 441, 233, 138, మొత్తం 812. హిట్లు 2,467. ఒక హిట్‌కు సగటున ఎన్ని బేసులు వచ్చాయో కట్టుకుంటే ఒకటిన్నర దాటుతుంది.

రూత్‌తో పోల్చి తీరాలనుకునేవారికి ఒక మార్గం ఉంది. మొత్తాలను వదిలి నిష్పత్తులను, లీగులో స్థానాన్ని చూడాలి. కానర్ సుమారు 14 మ్యాచ్‌లకొక హోమ్ రన్ కొడితే, రూత్ మూడున్నర మ్యాచ్‌లకొకటి కొట్టాడు. రూత్ రెండు వేల ఐదు వందల మ్యాచ్‌లలో 136 ట్రిపుల్స్ కొడితే, కానర్ రెండు వేల లోపు మ్యాచ్‌లలోనే 233 కొట్టాడు. ఆ మధ్యలో 1910 ప్రాంతంలో బంతి లోపలి భాగానికి బెండు వచ్చింది, 1920లో ఉమ్మి రాసిన బంతిపై నిషేధం వచ్చింది, మాసిన బంతులను మార్చడం మొదలైంది. రూత్ వీటన్నిటికీ మించినవాడన్నది నిజం. అయితే ఇద్దరూ ఆడినది ఒకే ఆట కాదన్నది కూడా అంతే నిజం.

కథలను ఎలా వాడాలి

కానర్ పేరుతో ముడిపడిన సంఘటనల్లో కొన్నిటికి తేదీ, స్కోరు ఉన్నాయి, కొన్నిటికి చెప్పుకునే మాటే ఆధారం. 1881 సెప్టెంబర్ 10న ఆల్బనీ పక్కన జరిగిన మ్యాచ్‌లో, వూస్టర్ జట్టు పిచర్ లీ రిచ్‌మండ్ వేసిన బంతిని, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు ఔటై, మూడు బేసులూ నిండి, ట్రాయ్ 7–4తో వెనకబడి ఉన్నప్పుడు కానర్ హోమ్ రన్‌గా మలిచాడు. జట్టు 8–7తో గెలిచింది. నేషనల్ లీగ్ చరిత్రలో అదే మొదటి గ్రాండ్ స్లామ్, అంటే మూడు బేసులూ నిండి ఉండగా కొట్టిన హోమ్ రన్. రాసేటప్పుడు ‘నేషనల్ లీగ్’ అన్న మాటను వదలకూడదు, ఎందుకంటే దానికి ముందు నేషనల్ అసోసియేషన్ ఉంది. ఇక్కడ మరో సూక్ష్మం ఉంది. 1920కి ముందు, ఆట చివరి దెబ్బతో గెలుపు పరుగు ముందున్న రన్నర్‌ది అయితే, బంతి కంచె దాటినా హోమ్ రన్ ఇచ్చేవారు కాదు. 1918 జులైలో రూత్ అలాగే ఒకటి కోల్పోయాడు, అది ట్రిపుల్‌గానే మిగిలింది. కానర్ గ్రాండ్ స్లామ్‌లో నాలుగో పరుగు, అంటే గెలుపు పరుగు, స్వయంగా అతడిదే, కాబట్టి ఆ దెబ్బకు ఈ ఇబ్బంది లేదు.

న్యూయార్క్ జట్టుకు ‘జెయింట్స్’ అన్న పేరు కానర్ వంటి భారీకాయుల వల్ల, మేనేజర్ జిమ్ మ్యూట్రీ సంతోషంతో వేసిన కేక వల్ల వచ్చిందని ప్రచారంలో ఉంది. ఇది చక్కని కథే గాని, ‘అని చెబుతారు’ అన్న మాట చేర్చి మాత్రమే రాయాలి. ఆ జట్టు 1888లోనూ 1889లోనూ లీగు టైటిళ్లు, ఆనాటి ప్రపంచ సిరీస్‌లు గెలవడం మాత్రం నిస్సందేహమైన చరిత్ర, అందులో కానర్ మొదటి బేసు వద్ద ప్రధాన ఆటగాడు. అతడి సమాధికి చాలాకాలం రాయి లేదన్నది, 2001లో వాటర్‌బరీ ప్రజలు, అభిమానులు విరాళాలతో రాయి పెట్టించారన్నది కూడా నిజమే.

ఈ పద్ధతి ఒకసారి చేతికి అలవడితే మరికొందరిపై ప్రయత్నించవచ్చు. 122 హోమ్ రన్లతో కానర్‌కు ముందు రికార్డు నిలుపుకున్న హ్యారీ స్టోవీని చదివేటప్పుడు, అతడి ఉత్తమ సంవత్సరాలు అమెరికన్ అసోసియేషన్‌లో గడిచాయన్నది చూసుకోవాలి. డాన్ బ్రూథర్స్ విషయంలో హోమ్ రన్ల కంటే .342 సగటు, ఐదు బ్యాటింగ్ టైటిళ్లు ముందు చూడాలి. 1910లలో ఫిలడెల్ఫియాకు ఆడిన గ్యావీ క్రావత్ దగ్గరికొస్తే మైదానం ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది, ఎందుకంటే 1914లో అతడు కొట్టిన 19 హోమ్ రన్లూ సొంత మైదానంలోనివే. ‘హోమ్ రన్’ బేకర్‌గా పేరుపడ్డ ఫ్రాంక్ బేకర్ 1911 నుంచి 1914 దాకా వరుసగా నాలుగేళ్లు అమెరికన్ లీగులో హోమ్ రన్లలో ముందున్నా, అతడి అత్యధికం ఒక సీజన్‌కు 12 మాత్రమే. ఆ బిరుదు ఎలా నిలిచిందో తెలియాలంటే 1911 ప్రపంచ సిరీస్‌లో అతడు కొట్టిన రెండు దెబ్బల వివరాల నుంచి మొదలుపెట్టాలి.